మాత్రతో సరిపెట్టుకోకు అమ్మడూ

సోంపేట

అమ్మడూ,

నాన్న ఆశీస్సులు. అమ్మా, నేనూ క్షేమం.

నువ్వు సంక్రాంతికి వచ్చి వెళ్ళినప్పటి నుంచీ నీ మోకాలి సంగతే మనసులో తిరుగుతోంది. ఫోనులో అడిగితే "బాగానే ఉంది నాన్నా" అని తేల్చేస్తావు. పలాస స్టేషన్లో నువ్వు వంతెన దిగడం నేను చూశాను. కమ్మీ గట్టిగా పట్టుకుని, ప్రతి మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించి, ఊపిరి బిగబట్టి దిగావు. కాలేజీలో కబడ్డీ ఆడుతూ మెలిపడిన కాలు. వాపు ఎప్పుడో తగ్గింది, నొప్పి మాత్రం ఉండిపోయింది.

అంతకన్నా నన్ను కలవరపెట్టింది నీ సంచిలోని నొప్పి మాత్రల అట్ట. ముసురు పట్టిన రోజు ఒకటి, ఎక్కువ నడిచిన రోజు ఒకటి అన్నావు. మనం ఉద్దానం వాళ్ళం తల్లీ. కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఎటు వెళ్ళినా డయాలసిస్‌కు తిరిగే మనుషులు కనబడతారు. పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో తెరిచారంటే ఊరికే కాదు. ఇక్కడ ఈ జబ్బు ఎందుకింతగా వస్తోందో ఫలానా కారణమని ఇంకా తేలలేదు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీలకు వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయన్నది మాత్రం డాక్టర్లందరూ చెప్పేదే. చెమటోడి, నీళ్ళు సరిగ్గా తాగని రోజున వేసుకుంటే ప్రమాదం మరీ ఎక్కువ. కడుపులో పుండ్లు పడే భయం ఎలాగూ ఉంది. మరీ తట్టుకోలేని రోజున డాక్టరు రాసిన మోతాదులో వేసుకో, కాదనను. దాన్ని అలవాటు చేసుకుంటేనే నాకు నిద్ర పట్టదు. పైపూతగా రాసుకునే జెల్ అయితే ఒంట్లోకి పోయే మందు చాలా తక్కువ. ముందు అది వాడొచ్చా అని డాక్టర్ని అడుగు.

అసలు పని చేయాల్సింది తొడ కండ. దెబ్బ తగిలాక నొప్పికి జంకి కాలు వాడడం తగ్గిస్తాం, కండ కరుగుతుంది, అడుగు తీసిన ప్రతిసారీ బరువంతా కీలు మీదే పడుతుంది. ఎముకల చివర ఉండే మృదులాస్థికి రక్తనాళాలు లేవు. కీలు కదులుతుంటేనే అందులోని ద్రవం నుంచి దానికి పోషణ అందుతుంది. అందుకే కాలు కదపకుండా కూర్చుంటే మేలు జరగదు.

తిత్లీ తుపాను తర్వాత, 2018లో, తోటలో పడిన కొబ్బరి మాను తొలగిస్తుంటే నా భుజం పట్టేసింది కదా. ఫిజియోథెరపీ అమ్మాయి నన్ను గోడకు ఎదురుగా నిలబెట్టి, వేళ్ళను గోడ మీద పైకి పాకించమంది. ఎంతవరకు వెళ్ళాయో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టేవాణ్ణి. వారాల తరబడి అదే చోట ఆగిపోయి, ఒక రోజు బెత్తెడు పైకి వెళ్ళింది. ఇప్పటికీ చొక్కా తొడుక్కునేటప్పుడు ఆ చేతినే ముందు దూర్చాలి. అయినా కొడవలి పట్టగలుగుతున్నాను, అది చాలు.

నీ మోకాలికీ అలాంటి పనులే. కాలు చాపుకుని కూర్చో, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టు, తొడ బిగించి దాన్ని కిందికి అదిమి, ఐదు అంకెలు లెక్కపెట్టి వదులు. ఉదయం పది, సాయంత్రం పది. అది తేలికయ్యాక, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం. చేసేటప్పుడు కొంచెం నొప్పి ఉంటే కంగారు పడకు. మర్నాటికి వాపు వచ్చినా, నొప్పి పెరిగినా సగానికి తగ్గించు. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ తగిలిన కాలు ముందు. ఉదయం బిగుసుకుపోతే వేడి కాపడం, కొత్తగా వాస్తే గుడ్డలో చుట్టిన ఐసు. మీ అమ్మ ఒళ్ళు తగ్గించమంటే కోపం తెచ్చుకోకు, అందులో నిజముంది. ఒంట్లో ఒక్క కిలో తగ్గినా అడుగు వేసినప్పుడు మోకాలి మీద పడే భారం అంతకు కొన్ని రెట్లు తగ్గుతుంది.

కాలు మధ్యలో ఇరుక్కుని చాపలేకపోయినా, నడుస్తుంటే ఉన్నట్టుండి జారిపోయినట్టనిపించినా ఇవేవీ చేయకుండా ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళు. లోపల ఎముకలను కలిపి పట్టే స్నాయువు గానీ, కీలు మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి గానీ చిరిగి ఉండవచ్చు. స్కానింగ్ రాస్తే వాయిదా వేయకు.

ఈ వారంలోనే కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ రక్త పరీక్ష చేయించుకుని కాగితం నాకు ఫోనులో పంపు. డబ్బు చూసుకోకు, నేను వేస్తాను. అమ్మ జీడిపప్పు కట్టి పెట్టింది, ఆదివారం వచ్చే మీ పిన్ని చేతికి ఇస్తున్నాం.

ఇట్లు,
మీ నాన్న