ముడుచుకున్నది షీటు, ఊడింది గమ్ము కాదు

ఫిబ్రవరి, మార్చి నెలల్లో మా దగ్గర బోటు డెక్కుకి టేకు రంగు పీవీసీ షీటు వేయించుకున్నవాళ్లకి ఈ మాట. మే ఎండలకి ముక్కలు కలిసే చోట సందులు పడ్డాయి. ఎనిమిది అడుగుల ముక్కల్లో కొసల దగ్గర నాలుగు మిల్లీమీటర్ల దాకా ఉంది. ఫోన్ చేసినవాళ్లలో చాలామంది "గమ్ము ఊడిపోయిందండీ" అన్నారు. ఊడలేదు. అంచుని గోరుతో లేపి చూడండి, లేవదు. సందులోకి టార్చి వేస్తే గమ్ము గీతలు పక్కకి వాలి కనిపిస్తాయి. ఆ గమ్ము రబ్బరులా సాగే రకం. షీటు లాక్కుంటే దానితో పాటు అదీ సాగింది. మా చేతి పని మీద మాట పడింది కాబట్టే ఇంతగా చెబుతున్నాను.

షీటు ఎందుకు ముడుచుకుంది? పీవీసీని వేడి మీద లాగి షీటు తీస్తారు. సరిగ్గా చల్లారనివ్వకుండా బిగించి చుట్టేస్తే ఆ లాగుడు లోపలే ఉండిపోతుంది. ఎండ తగిలాక వదులవుతుంది, పొడవు తగ్గుతుంది. మాకు సరుకు వేసేవాళ్లు ఈసారి పాత రకం పంపకుండా, చూడ్డానికి అచ్చం అలాగే ఉన్న వేరే రకం పంపారు. పాతదానికి అడుగున గాడులుండేవి, దీనికి నున్నగా ఉంది. అడిగితే "అదే క్వాలిటీ" అన్నారు. ఎండకి నిలిచే మందు కలిపారా అంటే జవాబు లేదు. సందుల ఫొటోలు పంపితే "మీ గమ్ము చూసుకోండి" అన్నారు. డబ్బు పోయినందుకన్నా ఆ మాటకే ఎక్కువ మండింది. ఇక వాళ్ల సరుకు మా షెడ్డులోకి రాదు.

మా తప్పూ ఉంది. రోలు విప్పి, నేల మీద పరిచి, ఒక రోజంతా వదిలేశాకే కోయాలి. సీజను తొందరలో వచ్చిన రోజే కోసేశాం. వదిలి ఉంటే మొత్తం కాకపోయినా కొంత ముడుత అక్కడే తీరిపోయేది.

పీవీసీనే మానేద్దామా అని నెల రోజులు తల పట్టుకున్నాం. మేడల మీద వేసే, చెక్కపొడి ప్లాస్టిక్కు కలిపి చేసే డబ్ల్యూపీసీ పలక చవకే, కానీ 25 మిల్లీమీటర్ల గట్టి పలక చదరపు మీటరుకి 30 కిలోల దాకా తూగుతుంది. ఐదు మిల్లీమీటర్ల పీవీసీ ఆరేడు కిలోలే. నాలుగు చదరపు మీటర్ల డెక్కుకి డబ్ల్యూపీసీ వేశారంటే ఇద్దరు మనుషులు ఎప్పుడూ పైన నిలబడి ఉన్నట్టే. చిన్న బోటు పక్కకి ఊగడం పెరుగుతుంది. అది వద్దు. చెప్పుల అడుగున వాడే ఈవీఏ ఫోము తేలిక, కాలికి మెత్తన, పీవీసీ అంత కాలదు. పిల్లల్ని ఎక్కించుకునేవాళ్లకి నేనే అది వేయమంటాను. కానీ ఐసు పెట్టె పెట్టిన చోట గుంట పడి అలాగే ఉండిపోతుంది, గాలం తగిలితే చీరుతుంది, డీజిలు మరక వదలదు. వల లాగే ఫైబరు బోటుకైతే పీవీసీ, ఈవీఏ రెండూ దండగే. ఫైబరు పై పూత జెల్‌కోటు మీద ఇసుక చల్లి వేసే గరుకు చాలు.

కాబట్టి పీవీసీనే, వేరే చోటి సరుకు. ప్రతి రోలు నుంచీ 300 మిల్లీమీటర్ల ముక్క కోసి, 80 డిగ్రీల వేడిలో ఆరు గంటలు ఉంచి, చల్లారాక కొలుస్తున్నాం. పొడవు ఒక మిల్లీమీటరు మించి తగ్గితే రోలు వెనక్కే. ముక్కల్ని ఇకపై గమ్ముతో కలపం. షెడ్డులోనే అడుగు వైపు నుంచి హీట్ గన్నుతో, పీవీసీ కడ్డీతో వెల్డు చేసి ఒకే పలకగా తెస్తాం.

మీ బోట్లకి మళ్లీ వేస్తాం; షీటు, గమ్ము, కూలి ఖర్చంతా మాదే. పాతది వేడి చేసి లేపి, మిగిలిన గమ్ముని 80 నంబరు పేపరుతో అరగదీసి, అసిటోనుతో తుడిచి వేస్తాం. మన తేమ గాలికి ఈ గమ్ము పైన తొందరగా పొర కట్టేస్తుంది, అందుకే ఒక్కో చదరపు మీటరే పూసి, పరిచి, మధ్య నుంచి అంచులకి రోలరు నొక్కుతాం. పైన ఇసుక బస్తాలు రెండు రోజులు. పై నుంచి షీటు, కింద నుంచి ఫైబరు గాలి తగలనివ్వవు కాబట్టి నడుమ భాగం నెమ్మదిగా గట్టిపడుతుంది. బోటుకి ఐదు రోజులు పడుతుంది.

ఒక్కటి మాత్రం మాది కాదు. షీటు లేపాక స్క్రూడ్రైవరు పిడితో తడితే మొద్దు మోత వచ్చిందంటే లోపలి ప్లైవుడ్డు నానిందన్నమాట. ఆ ప్లై మార్పు ఖర్చు మీదే. వేసేది ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైయే. కోసే ముందు మిమ్మల్ని పిలిచి చూపిస్తాం.

వేట నిషేధం జూన్ 14తో అయిపోయింది, ఆ రోజుల్లో వేట బోట్ల రిపేర్లలో ఉండే ఫైబరు పనివాళ్లు ఇప్పుడు దొరుకుతున్నారు. అక్టోబరు తుపాన్లు మొదలయ్యేలోగా అందరివీ ముగించాలి. రోజూ టూరిస్టుల్ని తిప్పే విశాఖ రుషికొండ బీచి బోట్లు ముందు, మిగతావి వేసిన తేదీ వరసలో.

రంగు సంగతి. ఈసారి లేత బూడిద రంగే వేస్తాం. ముదురు టేకే కావాలన్నవాళ్లకి అడుగు పొడవు ముక్క ఇచ్చి పంపుతాం. మధ్యాహ్నం రెండింటికి డాబా మీద పెట్టి, చెప్పులు విప్పి దాని మీద నిలబడి చూసి, అప్పుడు చెప్పండి.