గుంతల మిషన్ మీద మనుషుల్ని ఎక్కించొద్దు

ఎడిటర్ గారికి నమస్కారం.

మా రాయగడ జిల్లాలో, ముఖ్యంగా గుణుపూర్, రామనగుడ, పద్మపూర్ వైపు, ఎండలు ముదిరాయంటే ట్రాక్టర్ వెనక తగిలించే గుంతల మిషన్లకి గిరాకీ పెరిగిపోతుంది. జీడితోటలకి కంచె, నీలగిరి మొక్కలకి గుంతలు, ఇళ్ల స్థలాల చుట్టూ సిమెంటు స్తంభాలు, అన్నీ ఆ రెండు నెలల్లోనే పడతాయి. పార్వతీపురం వైపు నుంచి కూడా మిషన్లు వస్తున్నాయి. గునపంతో చెమటోడ్చి తవ్వే గుంత నిమిషాల్లో అయిపోతుంటే ఎవరు వద్దంటారు, నేనూ వద్దనను. నా బాధల్లా ఆ పని జరిగే తీరు గురించే. గట్టి నేలలో బిట్టు (నేలని తొలిచే మర) దిగకపోతే బరువు కోసం అని కుర్రాళ్లని మిషన్ కమ్మీ మీదకి ఎక్కించి నిలబెడుతున్నారు, అదీ ట్రాక్టర్ నుంచి మిషన్‌ని తిప్పే ఇరుసు, అంటే తిరుగుతున్న షాఫ్ట్ పక్కనే. ఇది ఎంత మామూలైపోయిందంటే పొలం యజమానే గట్టు మీద నుంచి "ఇంకొకడు ఎక్కండ్రా" అని కేకేస్తున్నాడు.

ట్రాక్టర్ పీటీఓ, అంటే ఆ షాఫ్ట్‌కి ఇంజిన్ శక్తిని అందించే వెనక కొస, పూర్తి వేగంలో నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకి తొమ్మిది. గేర్ బాక్స్ దాటాక బిట్టు నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి చూసేవాళ్లకి భయం వేయదు, అందరి చూపూ బిట్టు మీదే ఉంటుంది, కానీ వెనక షాఫ్ట్ మాత్రం అదే స్పీడులో తిరుగుతూ ఉంటుంది. లుంగీ అంచో, మెడలో తువ్వాలు కొసో, మట్టి తీయడానికి వంగిన ఆడమనిషి చీర చెంగో దానికి తగిలిందంటే డ్రైవర్ వెనక్కి తిరిగి చూసి క్లచ్ తొక్కేలోపే అంతా అయిపోతుంది.

పోయిన వేసవిలో మా పక్క పొలానికి వచ్చిన మిషన్ని దగ్గరికెళ్లి చూశాను. షాఫ్ట్ మీద ఉండాల్సిన ప్లాస్టిక్ గొట్టం లేదు, ఆ గొట్టం తిరక్కుండా పట్టి ఉంచే చిన్న గొలుసూ లేదు. గ్రీజు పెట్టడానికి అడ్డమని తీసేశారట. షాఫ్ట్‌కి అసలు బోల్టు ఉండాల్సిన చోట ఏదో పొడుగు బోల్టు దూర్చారు, నట్టు దాటి రెండు వేళ్ల మేర బయటికి పొడుచుకొచ్చి ఉంది, అది ఊడిపోకుండా బైండింగ్ వైరు చుట్టారు, ఆ వైరు కొసలు కూడా బయటికే. బట్ట పట్టుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి? డ్రైవర్‌ని అడిగితే "అసలు బోల్టు వేస్తే ఊరికే తెగిపోతోంది సార్" అన్నాడు. తెగడానికే కదా దాన్ని పెట్టింది! బిట్టు కింద బండ తగిలినప్పుడు ముందు ఆ బోల్టు తెగిపోవాలి, దాంతో గేర్ బాక్సూ షాఫ్టూ బతుకుతాయి. దాని బదులు గట్టి బోల్టు వేస్తే ఆ దెబ్బంతా వెళ్లి గేర్ బాక్స్ మీద పడుతుంది. కాస్త డబ్బుతో పోయేదాన్ని వేల రూపాయల రిపేరు చేసుకుంటున్నారు.

అసలు మనుషుల్ని ఎందుకు ఎక్కించాల్సి వస్తోందంటే, మన దగ్గరుండే చాలా ట్రాక్టర్ల హైడ్రాలిక్ మిషన్ని పైకి ఎత్తుతుందే గానీ కిందికి నొక్కదు. బిట్టు తన బరువుతో తనే దిగాలి. మావి ఎక్కువగా ఎర్ర గరువు భూములు, పైన మట్టి ఉన్నా కాస్త దిగితే గులకరాయి, మే నెలలో అది సిమెంటులా బిగుసుకుపోతుంది. అలాంటి నేలని కోసేది బిట్టు అడుగున ఉండే పళ్లే. చుట్టూ తిరిగే రేకు పని మట్టిని పైకి మోసుకురావడం వరకే. పళ్లు అరిగిపోతే మీద ఎంతమంది ఎక్కినా బిట్టు నేలని రాస్తుంది తప్ప కోయదు, ఇంకా రాసిన కొద్దీ అడుగు నున్నగా అయి మరీ గట్టిపడుతుంది. పళ్లు బోల్టులతో ఊడదీసి మార్చుకునేవే, మధ్యలో ఉండే మొన కూడా అంతే. సీజన్ మొదట్లో ఒక సెట్టు కొత్తవి వేసుకుంటే సగం టెన్షన్ పోతుంది, కానీ ఓనర్లు ఆ ఖర్చు దగ్గరే చేయి ముడుస్తున్నారు.

రైతులు చేసుకోగలిగింది కూడా ఉంది. గుర్తు పెట్టిన ప్రతి చోటా ముందురోజు సాయంత్రం గునపంతో జానెడు లోతు పొడిచి బకెట్ నీళ్లు పోసి వదిలేస్తే తెల్లారేసరికి నేల లొంగుతుంది. బంకమట్టి అయితే నీళ్లు తగ్గించాలి, లేకపోతే మట్టి రేకుకి అతుక్కుని రాదు. పెద్ద గుంత కావాలంటే ముందు ఆరంగుళాల బిట్టుతో దారి చేసి తర్వాత పన్నెండంగుళాలది దింపాలి. ఇంజిన్ స్పీడు తగ్గించాలి, గట్టి నేలలో రేసు పెంచితే రాపిడే తప్ప లోతు రాదు. ఒకేసారి పూర్తి లోతుకి దించకుండా కొంచెం దింపడం, పైకెత్తి మట్టి దులపడం, మళ్లీ దింపడం. ఇలా కాకుండా ఒక్క ఊపున దింపితే బిట్టు స్క్రూలాగా భూమిలోకి దిగబడి ఇరుక్కుపోతుంది, దాన్ని లాగబోతే ట్రాక్టర్ ముందు చక్రాలు లేస్తాయి. ఇరుక్కుంటే ఇంజిన్ ఆపేసి పెద్ద పైపు పానాతో వెనక్కి తిప్పి తీయాలి. బండ తగిలిందా, ఆ గుంత ఒక అడుగు పక్కకి జరపండి, లేదా గునపానికి వదిలేయండి.

కంచె స్తంభాలకైతే మే నెల దాకా ఆగడమెందుకో నాకు అర్థం కాదు. కార్తీకం నాటికి నేలలో ఇంకా పదును ఉంటుంది, అప్పుడే గుంతలు తీసుకుంటే సరిపోతుంది. మొక్కల గుంతలకి ఇంకో మాట. బంకనేలలో బిట్టు తిరిగిన గోడలు నున్నగా మెరుస్తుంటాయి, అలాగే వదిలేస్తే వేర్లు గోడని చీల్చుకుని పోలేక లోపలే చుట్టుకుంటాయి, గునపంతో నాలుగు వైపులా గీరాలి. తీసిన గుంతల్ని వెంటనే పూడ్చలేకపోతే మీద కంపైనా వేయండి, మేకలూ దూడలూ పడి కాళ్లు విరుగుతున్నాయి.

నా దృష్టిలో అసలు జబ్బు బేరంలో ఉంది. గుంతకి ఇంత అని మాట్లాడుకుంటున్నాం. డ్రైవర్‌కి గుంతలు ఎన్ని పడితే అంత డబ్బు, అందుకే బిట్టు ఎత్తి దులపడానికి ఓపిక ఉండదు, కుర్రాడిని ఎక్కించడమే సులువుగా కనిపిస్తుంది. గట్టి నేలల్లో గంట లెక్కన మాట్లాడుకుంటే డ్రైవర్‌కి తొందర ఉండదు, గంటలు తగ్గించుకోవాలనే ఆశతో రైతే ముందురోజు నీళ్లు పోసి ఉంచుకుంటాడు. ఓనర్లు ఒప్పుకోరనే వాళ్లున్నారు. ఊరంతా అదే అడిగితే ఒప్పుకోక ఏం చేస్తారు?

నూర్పిడి మిషన్లలో చేతులు పోతుంటే 1983లో ప్రమాదకర యంత్రాల చట్టం తెచ్చారు. ట్రాక్టర్‌తో సేద్యం చేసే పనివాళ్లని అంతకు ముందే 1923 నాటి పరిహార చట్టం జాబితాలో చేర్చారు. కానీ మా ఊళ్లలో కూలికొచ్చే సవర, కొంధ్ గిరిజన కుర్రాళ్లకి ఇవేవీ తెలియవు, ఎవరూ చెప్పలేదు. దెబ్బ తగిలితే మందుల ఖర్చు చేతిలో పెట్టి పంపించేస్తున్నారు. 2014-15 నుంచి యాంత్రీకరణ పథకం కింద అద్దె కేంద్రాలకి రాయితీ ఇస్తున్నారు కదా, ఆ డబ్బుతో వచ్చే ప్రతి మిషన్‌కీ షాఫ్ట్ కవర్ ఉందా లేదా అని ఏటా ఒకసారి వ్యవసాయ శాఖ వాళ్లు చూడాలి. కవర్ లేని మిషన్‌ని పొలంలోకి రానివ్వకూడదని పంచాయతీలు దండోరా వేయించాలి. దానికి పైసా ఖర్చు లేదు.

ఎడిటర్ గారూ, మీరు కూడా ఒక సాయం చేయాలి. ఎండలు ముదరకముందే జిల్లా పేజీలో రెండు ఫోటోలు పక్కపక్కన వేయండి, కవర్ ఉన్న షాఫ్ట్ ఒకటి, లేనిది ఒకటి. ఇక్కడ టీ కొట్ల దగ్గర పేపరు పైకి చదివే అలవాటు ఇంకా ఉంది, చదువు రాని డ్రైవర్లకి కూడా చేరుతుంది. తెలుగు రాని కుర్రాళ్లకి ఆ ఫోటోలు చూపించి ఒడియాలో, కొంధులు మాట్లాడే కుయిలో, సవరలో మేం చెప్పుకుంటాం.

ఇట్లు,
ఒక రైతు,
గుణుపూర్ దగ్గర, రాయగడ జిల్లా, ఒడిశా.