శనివారం రాత్రికి ఒక చెత్త సినిమా

అందరికీ నమస్కారం. ఈ శనివారం రాత్రి 8 గంటలకు మా మేడ మీద 'మిస్టరీ సైన్స్ థియేటర్ 3000' చూద్దాం. 1988లో అమెరికాలోని మినియాపొలిస్‌లో, ఒక స్థానిక టీవీ చానెల్‌లో జోయెల్ హాడ్జ్‌సన్ మొదలుపెట్టిన హాస్య కార్యక్రమం. ఒక మనిషి, రెండు రోబోలు తెర అడుగున నీడల్లా కూర్చొని, నడుస్తున్న పాత సినిమాకు చురకలు అంటిస్తుంటారు.

మనం చూసేది 'మానోస్' భాగం. 1966 నాటి ఆ సినిమాను టెక్సస్‌లో ఎరువుల వ్యాపారి ఒకాయన తీశారు. ఆయన వాడిన కెమెరా ఒక విడతకు అర నిమిషమే తిరిగేది! రోబోల తోడు లేకుండా చూడబోయి నేను పావుగంటకే చేతులెత్తేశాను.

పకోడీలు నావి, ఫ్లాస్కుల్లో టీ మీది. దుప్పట్లు మరవకండి, మేడ మీద చలిగా ఉంటోంది. వచ్చేవారు శుక్రవారంలోగా చెప్పండి, శనగపిండి కొలత చూసుకోవాలి.