శనివారం గదులు సర్దుకుందాం

టీచర్లు, అసిస్టెంట్లు, ఆయమ్మలు, ఆఫీసు వాళ్లు అందరికీ నమస్తే 🙏

సోమవారం పిల్లలు వచ్చేస్తున్నారు. శనివారం ఉదయం 9 కల్లా అందరూ మన మాంటిస్సోరి స్కూలుకి రండి. ఒంటిగంటకి వదిలేస్తాం (ఈసారి నిజంగానే).

టీచర్లూ, అరల్లోని సామాను ఒక్కొక్కటీ లెక్క చూడండి. పింక్ టవర్‌లో ఒకదానిమీద ఒకటి పేర్చే గులాబీ రంగు చెక్క ఘనాలు 10 ఉండాలి, 10 సెంటీమీటర్ల దాని నుంచి 1 సెంటీమీటరు దాని దాకా. ఆ బుల్లిదే ఎప్పుడూ మాయమవుతుంది! సిలిండర్ బ్లాకులు (గుంటల్లో సిలిండర్లు అమర్చే చెక్క దిమ్మెలు) నాలుగింటిలోనూ పదేసి సిలిండర్లు ఉన్నాయో లేదో చూడండి. ఒక్కటి తగ్గినా పిల్లలు తమ తప్పు తామే పట్టుకోలేరు, మన మొహం చూడాల్సి వస్తుంది. ఏదైనా రెండో సెట్టు అరలో కనిపిస్తే తీసేయండి. ఒకటే ఉంటేనే ఆగడం, వంతు కోసం చూడటం అలవాటవుతుంది.

ఆయమ్మలూ, నీళ్లు ఒంపే జగ్గుల్లో అంచు విరిగినవి పక్కన పెట్టండి. గాజువి మాత్రం ఉంచండి, ప్లాస్టిక్‌తో మార్చొద్దు. పగులుతుందని తెలిస్తేనే జాగ్రత్తగా పట్టుకుంటారు.

ఆఫీసు వాళ్లకి ఒక్కటే మాట: పొద్దున పిల్లలు మూడు గంటలపాటు తమ పని తాము చేసుకునే సమయంలో బెల్లు, అనౌన్స్‌మెంట్, ఫొటోలు వద్దు. తల్లిదండ్రులు వస్తే బయటే కూర్చోబెట్టండి. పోయినేడు నేనే ఫొటో కోసం తలుపు తీసి ఒక పాప పని పాడుచేశాను.

కొత్తగా చేరినవాళ్లు ఒక చాప తెచ్చుకోండి. చాప చుట్టడం, కుర్చీ చప్పుడు లేకుండా ఎత్తడం ముందు మనమే సాధన చేద్దాం.

శుక్రవారం సాయంత్రంలోగా "వస్తున్నాను" అని ఇక్కడే రాయండి. బొటనవేలు బొమ్మ లెక్కలోకి రాదు 🙂