యూకలిప్టస్ తోపును అడవి అంటే ఎలా?

అయ్యా,

ఆ మధ్య మీ ఆదివారం సంచికలో ఊటీ మీద వ్యాసం వచ్చింది. సవరణ వేస్తారేమోనని ఇన్నాళ్లూ ఆగాను. వేయలేదు. పేజీ నిండా ఫొటో, కింద నీలగిరుల సహజారణ్యం అని వ్యాఖ్య! బెరడు ఊడి తెల్లగా, నిటారుగా, వరసలు కట్టి నిలబడ్డ ఆ చెట్లన్నీ యూకలిప్టస్‌లే. కట్టెల కోసం 1843లో తెచ్చి నాటిన ఆస్ట్రేలియా చెట్టు అది. ఊటీకి వెళ్లొచ్చిన ప్రతివాడికీ ఆ నూనె సీసా తెలుసు, మీ విలేకరికి తప్ప.

నీలగిరుల అసలు అడవి షోలా. కొండ మడతల్లో, మబ్బుల్లో బతికే అడవి. దానికి పైన పందిరి వేసే చెట్లలో మన నేరేడుకు దాయాది ఒకటుంది, సిజీజియం డెన్సిఫ్లోరం. పడమటి కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. మబ్బు కమ్మినప్పుడు వాన లేకపోయినా షోలా కింద నిలబడితే చొక్కా తడుస్తుంది. మబ్బు ఆకులకు తగిలి బొట్లుబొట్లుగా కారుతుంది, కొమ్మలకు పట్టిన నాచు ఆ తడిని దాచుకుంటుంది, నేల దాన్ని మెల్లగా వాగులోకి వదులుతుంది. యూకలిప్టస్‌కు అంత ఓపిక ఎక్కడిది? తాగడమే దాని పని.

మిమ్మల్ని అని ఏం లాభం, సర్కారు లెక్కలే అలా ఉన్నాయి. హెక్టారు నేలలో 10 శాతం చెట్ల నీడ ఉంటే చాలు, ఏ జాతైనా, ఎవరి భూమైనా అటవీ విస్తీర్ణం కిందే జమ. మామిడి తోటా అడవే, యూకలిప్టస్ తోపూ అడవే! తోలు పరిశ్రమకు బెరడు కోసమని పచ్చిక కొండల మీద వాటిల్ అనే ఆస్ట్రేలియా తుమ్మ చెట్టును నాటించిందీ అటవీశాఖే, ఇప్పుడు దాన్ని పీకిస్తున్నదీ వాళ్లే. రెండు పనులకూ ఖర్చు మనదే. మొక్క నాటుతూ ఫొటో దిగే అధికారిని ఇదేం మొక్కండీ అని అడిగి చూడండి, పక్కనున్న గుమస్తా వైపు చూస్తాడు. షోలా మొక్కకు నీడ కావాలి, మంచు దెబ్బ తగలకూడదు, ఎదగడానికి ఏళ్లు పడుతుంది. బదిలీలోపు ఫలితం చూపించాలనుకునే వాళ్లకు అదెలా నచ్చుతుంది?

ఊటీకి వచ్చే బళ్లను లెక్కపెట్టించడానికే మద్రాసు హైకోర్టు కలగజేసుకుని 2024 మేలో ఈ-పాస్ పెట్టించాల్సి వచ్చింది. చెట్లను జాతివారీగా లెక్కపెట్టించడానికి ఇంకే కోర్టు దిగిరావాలో!

సవరణ మాత్రం వ్యాసం వచ్చిన పేజీలోనే వేయండి. శ్రద్ధాంజలి ప్రకటనల కింద, భూతద్దం పెట్టినా కనపడని అక్షరాల్లో వద్దు.

– మీ పాత చందాదారు