షేర్ ఫోల్డర్ తెరుచుకోకపోతే ముందు కెర్బెరోస్ టికెట్ చూడండి

డొమైన్‌లో చేర్చిన ఉబుంటు మెషీన్లలో లాగిన్ అవుతోంది కానీ షేర్ ఫోల్డర్ 'పర్మిషన్ డినైడ్' అంటోందని పొద్దున్నుంచి మెసేజ్‌లు. పర్మిషన్ల జోలికి వెళ్లకండి, ముందు టెర్మినల్‌లో కేలిస్ట్ (klist, మీ దగ్గరున్న టికెట్లు చూపే కమాండ్) కొట్టండి. 'నో క్రెడెన్షియల్స్ క్యాష్ ఫౌండ్' అని వస్తే మీ దగ్గర కెర్బెరోస్ టికెట్, అంటే మీరెవరో సర్వర్‌కు రుజువు చేసే డిజిటల్ చీటీ, లేనట్టే.

ఎస్‌ఎస్‌హెచ్ కీతో (పాస్‌వర్డ్ బదులు కీ ఫైల్‌తో) లోపలికి వస్తే పాస్‌వర్డ్ ఎస్‌ఎస్‌ఎస్‌డీ (SSSD, డొమైన్ లాగిన్ చూసే సర్వీస్) దాకా చేరదు, ఇక టికెట్ ఎక్కడి నుంచి వస్తుంది? ఎక్కువమందిది ఇదే కథ. కేఇనిట్ (kinit, కొత్త టికెట్ తెచ్చే కమాండ్) కొట్టి పాస్‌వర్డ్ ఇవ్వండి. డొమైన్ పేరు పెద్ద (క్యాపిటల్) అక్షరాల్లోనే. యాక్టివ్ డైరెక్టరీలో (డొమైన్ యూజర్లను చూసే మైక్రోసాఫ్ట్ వ్యవస్థ) టికెట్ గడువు మామూలుగా 10 గంటలే, నైట్ షిఫ్ట్ వాళ్లు గుర్తుంచుకోండి.

'క్లాక్ స్క్యూ' (గడియారాల తేడా) అని మొండికేస్తే మెషీన్ టైమ్ చూడండి. 5 నిమిషాలకు మించి తేడా ఉంటే సర్వర్ ఒప్పుకోదు.

పాస్‌వర్డ్‌ను స్క్రిప్టులో రాసిపెట్టే తెలివి మాత్రం వద్దు బాబూ. క్రాన్ జాబులకు (టైమ్ ప్రకారం వాటంతటవే నడిచే పనులకు) కీట్యాబ్ (పాస్‌వర్డ్ టైప్ చేయకుండా టికెట్ తెచ్చే కీ ఫైల్) చేసిస్తా, అడగండి.