ఆర్డర్ల టేబుల్‌కి ఏ ఇంజిన్ పెట్టాలి, నాన్నా

నాన్నా,

నిన్న రాత్రి ఫోన్‌లో సగంలో ఆగిన మాట ఇది. ఆర్డర్ల టేబుల్‌ని చదివేవాళ్ళూ ఎక్కువే, రాసేవాళ్ళూ ఎక్కువే, ఏ స్టోరేజ్ ఇంజిన్ (డేటాని డిస్క్ మీద దాచి, తీసిచ్చే భాగం) పెట్టాలమ్మా అన్నావు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా టికెట్ల టేబుల్ మైఐసామ్‌లో ఉండేది. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో అప్పటి డిఫాల్ట్, అంటే మనం ఏదీ ఎంచుకోకపోతే వచ్చే ఇంజిన్, అదే. పండగ ముందు సాయంత్రం ఎవరో నెల మొత్తం లెక్కల రిపోర్టు నడిపారు. అది పూర్తయ్యేదాకా ఓ అప్‌డేట్ కాచుకుంది. మైఐసామ్‌లో లాక్ (ఒకరి పని అయ్యేదాకా మిగతావాళ్ళని ఆపే తాళం) టేబుల్ మొత్తానికీ పడుతుంది, పైగా కాచుకున్న రాతకే ముందు దారి ఇస్తుంది. దాంతో ఆ ఒక్క అప్‌డేట్ వెనక సెలెక్టులన్నీ, అంటే చదివే క్వెరీలన్నీ, బారులు తీరాయి. కౌంటర్ల దగ్గర మనుషులూ అంతే. ఆ రాత్రే కరెంటు పోయి టేబుల్ క్రాష్ అయింది. బాగుచేసే రిపేర్ టేబుల్ కమాండ్ నడుస్తుంటే తెల్లవార్లూ దాని పక్కనే కూర్చున్నాను. ఏడాది పిల్లాడివి నువ్వు, అమ్మమ్మ దగ్గర పడుకున్నావు.

తర్వాత ఇన్నోడీబీ అనే ఇంజిన్‌కి మారాం. రాసేటప్పుడు తాకిన వరుసలకే లాక్ వేస్తుంది. మామూలు సెలెక్ట్‌కి వరుస పాత రూపం చూపిస్తుంది కాబట్టి చదివేవాళ్ళు ఆగక్కర్లేదు. కరెంటు పోయినా రీడూ లాగ్ (మార్పుల్ని ముందే రాసుకునే చిట్టా) చూసి తనే కోలుకుంటుంది. 2010లో వచ్చిన మైఎస్‌క్యూఎల్ 5.5 నుంచి డిఫాల్ట్ ఇదే.

మీవాళ్ళు మైరాక్స్ ఇంజిన్ అంటున్నారుగా. అదీ మంచిదే. రాతల్ని లాగ్‌లో వేసుకుని, మెమరీలో పోగుచేసి, పెద్ద ఫైళ్ళుగా డిస్క్ మీదికి దించి, వెనకాల వాటిని కలుపుతూ ఉంటుంది. డేటా మెమరీకి ఎన్నో రెట్లు ఉండి, రాతలు కుండపోతగా వచ్చేచోట దానికి తిరుగులేదు. ఫేస్‌బుక్ తన ప్రధాన డేటాబేస్‌ని దానికి మార్చి చోటు దాదాపు సగం తగ్గించుకుంది. కానీ ఒక్క వరుస కోసం నాలుగు ఫైళ్ళు వెతకాల్సి రావచ్చు, ఆ కలిపే పని కూడా డిస్క్‌లో వాటా అడుగుతుంది. నీ ఆర్డర్ల డేటా మెమరీలో పట్టేస్తుందన్నావు. ఒకే ఆర్డర్ పదిసార్లు మారుతుంది, మారగానే చదువుతారు. నేనైతే ఇన్నోడీబీలోనే ఉంచుతాను.

ఇన్నోడీబీ బఫర్ పూల్ (డేటాని మెమరీలో ఉంచుకునే చోటు) డిఫాల్ట్ 128 ఎంబీనే, అలాగే వదిలేయకు. ప్రైమరీ కీ (ఒక్కో వరుసని గుర్తించే విలువ) క్రమంలోనే ఇన్నోడీబీ వరుసలు పేర్చుతుంది కాబట్టి, కీగా అడ్డదిడ్డంగా వచ్చే యూయూఐడీ (పొడవాటి గుర్తింపు సంఖ్య) పెడితే ఇన్సర్టులు పేజీలన్నిటా చెల్లాచెదురవుతాయి. వేగం కోసం లాగ్ ఫ్లష్ (లాగ్‌ని డిస్క్ మీదికి ఎప్పుడు దించాలో చెప్పే సెట్టింగ్) 2 చేద్దామంటే ఒప్పుకోకు. కరెంటు పోతే చివరి సెకను ఆర్డర్లు పోవచ్చు, అవి జనం డబ్బులు. రిపోర్టులు రెప్లికా (డేటాబేస్ నకలు నడిచే వేరే సర్వర్) మీద నడపండి.

టెస్ట్ చేసేటప్పుడు చదువులూ రాతలూ కలిపే నడుపు, విడివిడిగా వద్దు. ఆ అంకెలు తీసుకుని ఆదివారం ఫోన్ చెయ్యి, ఇద్దరం కూర్చుని చూద్దాం.

అమ్మ